తాగుడు మానిన తరువాతి రోజులు



ఈ శీర్షికలో నెలనెలా మేము చదివి మేలు పొందిన పుస్తకములను మీకు పరిచయము చేస్తూ వస్తున్నాము. ఈ నెల మాత్రం మమ్మును నిరాశపరచిన పుస్తకము ఒకదానిని గూర్చి రాయవలసి వచ్చింది. దానికి కారణము ఒక సహోదరి రాసిన ఉత్తరము.

ఆమె అన్నగారు చాలాకాలము తాగుడుకు బానిసయై ఉండి, ఇప్పుడు మాని నలభై రోజులైనదట. ఇంటిల్లిపాదీ దేవునికి స్తోత్రములు చెల్లిస్తూనే, పొద్దు వాలేసరికి ఆయన ఎటు వెళ్తాడో అని గుమ్మము వైపు చూస్తూ కూర్చుంటున్నారట. ఆయనకు ఇంగ్లీషు పుస్తకములు చదివే అలవాటు ఉన్నది. విదేశములో ఉన్న బంధువు ఒకరు, "తాగుడు మానినవాడొకడు తన స్నేహితుని గూర్చి రాసుకున్న నిజమైన కథ, అన్నకు ఇవ్వు" అని ఒక పుస్తకము పంపించారు. "ఈ దినములలో ఆయన ఏది చదివినా మనసుకు పట్టించుకుంటున్నాడు. అందుకే భయముగా ఉన్నది. ఇవ్వవచ్చునా, వద్దా, చెప్పండి" అని ఆ సహోదరి అడిగింది.

మేము ఆ పుస్తకము సంపాదించి చదివాము. దాని పేరు 'మై ఫ్రెండ్ లెనర్డ్', అనగా 'నా స్నేహితుడు లెనర్డ్'. రాసినవాడు అమెరికా దేశస్థుడు జేమ్స్ ఫ్రే. 2005లో వెలువడినది. ఇది రెండవ భాగము వంటిది కాబట్టి మొదటి పుస్తకము సంగతి ముందుగా చెప్పాలి.

ఆ మొదటి పుస్తకము 'ఎ మిలియన్ లిటిల్ పీసెస్' 2003లో వచ్చింది. ఇరవై మూడేండ్ల యువకుడు తాగుడుతోను, మత్తుమందులతోను శిథిలమై, తల్లిదండ్రులు తీసుకొని వెళ్లగా ఒక చికిత్సాలయములో చేరి, అక్కడ గడిపిన దినముల కథ అది. అక్కడనే అతనికి ఇద్దరు దగ్గరయ్యారు. ఒకరు లిల్లీ అనే యువతి. రెండవవాడు లెనర్డ్, లాస్ వేగాస్ పట్టణములో చట్టవిరుద్ధమైన పనులతో ధనవంతుడైన నడివయస్కుడు. అమెరికాలో ఎందరో ఎరిగిన టెలివిజన్ నిర్వాహకురాలు ఓప్రా విన్‌ఫ్రీ 2005 సెప్టెంబరులో తన పుస్తక కూటమికి దీనిని ఎంపిక చేయగా లక్షలాది ప్రతులు అమ్ముడయ్యాయి. తాగుడుతో పోరాడుతున్నవారు, వారి తల్లులు, భార్యలు దానిని చేతపట్టుకొని ధైర్యము తెచ్చుకున్నారు.

ఇక రెండవ పుస్తకము, చికిత్సాలయము విడిచిన తరువాత కథ. రచయిత తాను చెరసాలలో ఎనభై ఏడవ దినమున ఉన్నట్లుగా దానిని మొదలుపెట్టాడు. విడుదలై, లిల్లీని కలుసుకోవాలని చికాగో పట్టణమునకు ఆత్రముగా వెళ్తే, ఆమె అప్పటికే తన ప్రాణము తానే తీసుకున్నది. అక్కడనుండి దుఃఖముతోను, తాగాలనే దాహముతోను అతడు దినములు నెట్టుకు రావడము, లెనర్డ్ అతనిని "నా కుమారుడా" అని పిలుస్తూ డబ్బు, పని, విందులు, సలహాలు ఇస్తూ ఆదుకోవడము, చివరకు ఆ లెనర్డ్ కూడా రోగముతో మరణించడము, ఇదీ కథ.

మంచిని మంచి అని చెప్పుట ధర్మము. ఒంటరివాడి దుఃఖమును గూర్చి అతడు రాసిన కొన్ని పేజీలు మమ్మును కదిలించాయి. కన్నకొడుకు కానివానిని కొడుకుగా చూచుకొన్న ఒక పెద్దవాని ప్రేమ చదువుతుంటే కన్నులు చెమర్చిన చోటు కూడ ఉన్నది. రక్తసంబంధము లేనివాడే అన్నకంటె దగ్గరగా నిలిచిన సంగతి మన పరిశుద్ధ గ్రంథము ఎరుగనిది కాదు.

అయినప్పటికీ పుస్తకము మూసిన తరువాత చేతిలో ఏమీ మిగలలేదు. ఎందుచేతనంటే, ఇందులో స్నేహమంటే ఎక్కువగా ఇచ్చే చెయ్యి మాత్రమే. లెనర్డ్ వస్తాడు, ఖరీదైన భోజనము పెట్టిస్తాడు, డబ్బు ఇస్తాడు, వెళ్తాడు. తాగుడు మానినవాని జీవితములో అసలు కష్టము విందు రోజున లేదు. పని లేని మధ్యాహ్నమున ఉన్నది. జీతము చేతికి వచ్చిన సాయంత్రమున ఉన్నది. పాత స్నేహితుడు వీధి మలుపులో ఎదురైన గడియలో ఉన్నది. ఆ సామాన్యమైన దినములు ఈ పుస్తకములో సరిగా కనబడవు. అదిగాక, లిల్లీ, లెనర్డ్‌ల గతి ఏమైనదో మొదటి పుస్తకపు చివరి పేజీలలోనే క్లుప్తముగా చెప్పి ఉన్నాడు. చెప్పినదానినే సాగదీసినట్లు అనిపిస్తుంది.

మరియొక సంగతి. ఈ రచయిత తనకు దేవుడు అక్కరలేదని, చికిత్సాలయములో నేర్పిన పన్నెండు మెట్ల పద్ధతి అక్కరలేదని, గట్టిగా పట్టుకొని ఉంటే చాలునని మొదటి పుస్తకములోనే తేల్చి చెప్పాడు. ఆ పుస్తకము ముగింపులో అతడు చికిత్సాలయమునుండి బయటికి వచ్చి, అన్నతో కలిసి తాగుడు దుకాణమునకు వెళ్లి, గ్లాసు నిండ పోయించుకొని, వాసన చూచి, దానిని పారబోయమంటాడు. చదువుటకు అది గొప్పగానే ఉన్నది. కాని నలభై రోజుల క్రితము మానిన మన సహోదరుడు దానిని చదివి, "నేను కూడ అలా నా బలమును పరీక్షించుకుంటాను" అని బయలుదేరితే ఏమగును? పాము పుట్టలో చెయ్యిపెట్టి ధైర్యము చూపించమని మనము ఎవరికీ చెప్పము గదా.

ఇంతవరకు చెప్పినది రాతలోని లోపము. దీనికంటె పెద్దది వేరొకటి ఉన్నది.

2006 జనవరిలో 'ద స్మోకింగ్ గన్' అనే అమెరికా సంస్థవారు పోలీసుల దస్త్రములను పరిశీలించి, జేమ్స్ ఫ్రే రాసినదానిలో చాలా భాగము నిజము కాదని బయటపెట్టారు. సుమారు మూడు నెలలు చెరసాలలో ఉన్నానని రాసినవాడు నిజానికి పోలీసుల అదుపులో ఉన్నది కొన్ని గంటలు మాత్రమే. అదే నెల 26వ తేదీన ఓప్రా విన్‌ఫ్రీ అతనిని తన కార్యక్రమమునకు పిలిచి లక్షలాదిమంది చూస్తుండగా నిలదీసింది. మార్చి రాశానని అతడు ఒప్పుకున్నాడు. లిల్లీ మరణించిన తీరును సైతము మార్చినట్లు చెప్పాడు. చెరసాలలో ఎనభై ఏడవ దినము అనే మొదటి మాట మీదనే కట్టిన రెండవ పుస్తకము అప్పుడు ఏమైనదో మీరే ఆలోచించండి. పునాది కదలిన తరువాత గోడలకు సున్నము వేసి ప్రయోజనమేమి? రెండవ పుస్తకమును ప్రచురించినవారు అతనితో చేసుకున్న తరువాతి పుస్తకముల ఒప్పందమును ఆ సంవత్సరమే రద్దు చేసుకున్నారు. మొదటి పుస్తకమును ప్రచురించినవారు, నిజమనుకొని కొని మోసపోయామన్నవారికి వెల తిరిగి ఇచ్చుటకు ఒప్పుకున్నారు. అలా అడిగినవారు 1,729 మంది.

పుస్తకపు వెల తిరిగి ఇవ్వవచ్చును. "ఇతడు గెలిచాడు గనుక నా బిడ్డ కూడ గెలుస్తాడు" అని నమ్ముకున్న తల్లి నమ్మికకు ఏ ప్రచురణకర్త వెల కట్టగలడు?

ఎవరో అమెరికావాడు అబద్ధమాడితే మనకేమి అని మీరు అనుకోవచ్చును. మేము కూడ మొదట అలాగే అనుకున్నాము. కాని చదువుచుండగా మా ఎరుకలోని ఒక సంఘము, అందులోని ఒక సహోదరుడు మా కన్నుల ఎదుటికి వచ్చారు.

ఆ సహోదరుడు తాగుడు మాని నెల తిరగకముందే ఉజ్జీవ కూటములలో సాక్ష్యము చెప్పించారు. జనము కన్నీళ్లతో విన్నారు. మరుసటి యేడు కూడ చెప్పించారు. ఆ యేడు సాక్ష్యములో ఒక చెరసాల వచ్చి చేరింది. మూడవ యేట ఒక కత్తి కూడ వచ్చింది. చప్పట్లు పెరిగాయి, పొరుగూరి సంఘములనుండి పిలుపులు వచ్చాయి. ఆ రాత్రి కూటము ముగిసిన తరువాత ఆయన భార్య పాదిరిగారి దగ్గరకు వచ్చి మెల్లగా ఒక మాట అన్నది: "అయ్యగారూ, చేయనివన్నీ చెప్తున్నాడు. చేసినవి మాత్రం చెప్పడంలేదు."

ఏమి చేశాడు? విత్తనాల వడ్లు అమ్ముకున్నాడు. ఆమె చెవి కమ్మలు తాకట్టు పెట్టాడు. కొడుకు బడి జీతము కట్టడానికి ఇచ్చిన డబ్బు తాగి, కట్టానని చెప్పాడు. ఇవి చిన్న పాపములు. ఇవి చెబితే పందిరిలో ఎవరూ నివ్వెరపోరు. కాని మారుమనస్సు పొందవలసినది వీటిని గూర్చియే. లేని చెరసాలను గూర్చి పశ్చాత్తాపపడుట సులువు. తాకట్టులో ఉన్న కమ్మలను గూర్చి పశ్చాత్తాపపడాలంటే వాటిని విడిపించి తీసుకొని రావాలి.

తప్పు ఆ సహోదరునిది మాత్రమేనా? లేత మొక్క మీద పందిరి వేసినది ఎవరు? పెద్ద పాపము చెప్పినవానికి పెద్ద చప్పట్లు కొట్టినది ఎవరు? నాలుగవ యేట ఆయన మరల తాగాడు. తాగినందుకు కాదు, మూడేండ్లుగా సాక్ష్యము చెప్పి తాగినందుకు సిగ్గుపడి గుడికి రావడము మానుకున్నాడు. మనము కట్టిన సాక్ష్యములో పడిపోయినవాడు మరల లేచుటకు చోటే ఉంచలేదు.

క్రైస్తవులు తమ జీవితములను గూర్చి రాసుకొన్న పుస్తకములలో అగస్టీను భక్తుని 'ఒప్పుకోలు' ప్రసిద్ధమైనది. ఇంచుమించు పదహారు వందల ఏండ్ల క్రిందట ఉత్తర ఆఫ్రికాలో రాసినది. అందులో ఆయన తన పెద్ద తప్పులతోపాటు, పిల్లతనములో పక్కతోట చెట్టునుండి పండ్లు దొంగిలించిన సంగతిని ఎన్నో పేజీలు రాశాడు. చిన్నదని దాటవేయలేదు, పెద్దదిగా కనబడాలని పెంచలేదు.

అందులోనే తన తల్లి మోనికాను గూర్చి ఒక సంగతి ఉన్నది. ఎందరు తల్లులకు మాదిరిగా చూపబడిన ఆ భక్తురాలు బాల్యములో ద్రాక్షారసము తెచ్చుటకు పీపా దగ్గరకు పంపబడినప్పుడు, పెదవి తడుపుకొనేటంత రుచి చూచేదట. దినదినము కొంచెము కొంచెము పెంచుకుంటూ చివరకు గిన్నె నిండుగా తాగే స్థితికి వచ్చింది. ఒకనాడు ఇంటి పనిపిల్ల ఒకతె ఆమెతో జగడమాడి, కోపముతో తాగుబోతు అని తిట్టింది. ఆ మాట ముల్లువలె గుచ్చుకొని మోనికా ఆ అలవాటును అప్పుడే విడిచిపెట్టింది. ముఖస్తుతి చేసే స్నేహితులు మనిషిని పాడుచేసినట్లే, జగడమాడే శత్రువు ఒక్కొక్కసారి బాగుచేస్తాడని అగస్టీను అక్కడ రాశాడు. స్నేహితుడు చేసిన గాయము నమ్మదగినదని సామెతల గ్రంథము 27వ అధ్యాయములో సొలొమోను చెప్పినది కూడ ఇటువంటిదే గదా. లెనర్డ్ పుస్తకములో లేనిది ఇదే. అందులో స్నేహితుడు ఇస్తాడు, మెచ్చుకుంటాడు, కాపాడుతాడు. కాని "నీవు చెప్పుచున్నది నిజమేనా?" అని అడుగడు.

తాగుడు మానినవాని స్నేహమునకు నిజమైన కథ కావాలంటే అదే అమెరికా దేశములో 1935లో జరిగినది ఒకటి ఉన్నది. న్యూయార్కువాడైన బిల్ విల్సన్ అప్పటికి మాని అయిదు నెలలు. వ్యాపారపు పని మీద అక్రన్ పట్టణమునకు వచ్చాడు. పని చెడిపోయింది, చేతిలో డబ్బు లేదు, హోటలులో ఒక ప్రక్క తాగుడు గదిలోనుండి నవ్వులు వినబడుతున్నాయి. అప్పుడతడు తన బలమును పరీక్షించుకోలేదు. భయపడ్డాడు. టెలిఫోను దగ్గరకు వెళ్లి ఆ ఊరి పాదిరిగారు ఒకరితో మాట్లాడి, తనవలె తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉంటే మాట్లాడాలని అడిగాడు. అలా ఒకరి ద్వారా ఒకరిని పట్టుకొని, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుని దగ్గరకు చేరాడు. పదిహేను నిమిషములు మాత్రమే ఇస్తానన్న ఆ డాక్టరు కొన్ని గంటలపాటు అతనితో కూర్చున్నాడు. ఒకనిని రక్షించుటకు వెళ్లినవాడు తానే రక్షింపబడ్డాడు.

అక్కడితో కథ సుఖాంతము కాలేదు. కొన్ని వారములకే ఆ డాక్టరు వైద్యుల సభకు వేరే పట్టణము వెళ్లి మరల తాగి ఒళ్లు తెలియక తిరిగివచ్చాడు. బిల్ అతనిని వదలలేదు. అప్పటికి ఆ ఇంటనే ఉంటున్న అతడు డాక్టరు భార్యతో కలిసి ఆయనను కనిపెట్టుకొని ఉన్నాడు. 1935 జూన్ 10 ఆ డాక్టరు తాగిన చివరి దినము. 1950లో మరణించేవరకు ఆయన మరల తాగలేదు. ఆ ఇద్దరి స్నేహమునుండి పుట్టినదే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అనే సహవాసము. నేడు మన దేశములో సహితము ఆ కూటములు జరుగుతున్నాయి. ఆ ఇంటిలో ప్రతి ఉదయము డాక్టరు భార్య ఆన్ వేదభాగము చదివేది. తొలి దినములలో వారు ఎక్కువగా చదువుకొన్నవి కొండమీది ప్రసంగము, మొదటి కొరింథీయులకు 13వ అధ్యాయము, యాకోబు పత్రిక. ఒకని ఎదుట ఒకడు తప్పులు ఒప్పుకొనవలెనని యాకోబు 5వ అధ్యాయములో రాసినది. వేదిక మీద కాదు, ఒకని ఎదుట ఒకడు. ఆ సహవాసములో ఇంటిపేర్లు సహితము చెప్పుకొనరు. గొప్ప కొరకు కాక, బ్రదుకు కొరకు చెప్పుకొనే మాటలు గనుక.

ప్రియులారా, యోహాను సువార్త 11వ అధ్యాయములో లాజరు సంగతి మీకందరికీ తెలిసినదే. ప్రభువు పిలువగా చనిపోయినవాడు సమాధినుండి బయటికి వచ్చాడు. జీవము వచ్చింది గాని కాళ్లకు, చేతులకు, ముఖమునకు ఇంకను కట్లు ఉన్నాయి. జీవమిచ్చిన ప్రభువు ఆ కట్లను కూడ ఒక్క మాటతో తీసివేయగలడు. అయినను ఆ పనిని ప్రక్కన నిలిచినవారికి అప్పగించాడు. తాగుడు మానిన మొదటి సంవత్సరము అటువంటిది. బ్రదికించుట ప్రభువు పని. కట్లు విప్పుట మన పని. మనమైతే కట్లతో ఉన్నవానినే వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పమంటున్నాము.

ఆ కట్లు ఎలా విప్పాలి? మా అనుభవములోను, వైద్యులు చెప్పగా తెలుసుకొన్నవానిలోను కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

మొదటిది, చాలా ఏండ్లు ప్రతిదినము ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా మానితే శరీరము తిరగబడుతుంది. చేతులు వణకుట, చెమటలు, నిద్ర లేకపోవుట కలుగుతాయి. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతి చెదరి, లేనివి కనబడి, ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. ఇది దయ్యము కాదు. అట్టివానిని గొలుసుతో కట్టి ప్రార్థన గదిలో ఉంచుట పాపము. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి, అక్కడ ప్రార్థించండి. సలహా కొరకు ప్రభుత్వము వారి 14446 అనే నంబరునకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును.

రెండవది, మానిన తరువాత నెలల తరబడి నిద్ర సరిగా పట్టదు, చిన్నదానికి కోపము వస్తుంది. "తాగినప్పుడే నయము" అని ఇంటివారు నోరు జారవద్దు. ఆ మాట అతని చెవిలో చాలాకాలము ఉంటుంది.

మూడవది, సాయంత్రములను ఖాళీగా వదలవద్దు. దావీదు ప్రాణభయముతో జీఫు అరణ్యములో దాగియున్నప్పుడు యోనాతాను బయలుదేరి అతని యొద్దకు వెళ్లి దేవునియందు అతనిని బలపరచాడని మొదటి సమూయేలు 23వ అధ్యాయములో చదువుతాము. యోనాతాను కబురు పంపి ఊరుకోలేదు, పుస్తకము పంపలేదు. తానే వెళ్లాడు.

నాలుగవది, కనీసము ఒక సంవత్సరము నిండేవరకు అతనిని సాక్ష్యము చెప్పమని అడగవద్దు. ఇంట్లో అతడు చెల్లించవలసిన బాకీలను చెల్లించనీయండి. అదే అతని మొదటి సాక్ష్యము.

అయిదవది, మరల పడితే వెలివేయవద్దు. పడిన దినమున పాదిరిగారి గడప తొక్కగలనన్న ధైర్యము అతనికి ఉండాలి. నలుగురు మోసుకొని వచ్చి, ఇంటికప్పు విప్పి దింపిన పక్షవాయువు గలవాని కథలో ప్రభువు చూచినది ఆ నలుగురి విశ్వాసము కూడ గదా.

మన ప్రాంతపు తల్లులకు ఈ విషయములో ఒకరు నేర్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు లేచి సారా దుకాణమును మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసింది. 1997లో ఆ నిషేధము సడలింపబడింది. చట్టము దుకాణమును మూయగలదు, మరల తెరువగలదు కూడ. కాని చట్టము ఉన్నా లేకపోయినా, మానిన మనిషి ప్రక్కన సాయంత్రము కూర్చుండుటకు ఏ ప్రభుత్వమూ ఉద్యోగిని నియమించదు. అది సంఘమునకు మిగిలిన పని.

జేమ్స్ ఫ్రేను గూర్చి మరియొక మాట చెప్పి ముగిస్తాము. అతడు తాగుడుతో, మత్తుమందులతో బాధపడిన మాట అబద్ధము కాదు. ఉన్న బాధ చాలదని లేనిదానిని చేర్చుకున్నాడు. అతనిని నిలదీసిన ఓప్రా విన్‌ఫ్రీ 2011లో అతనిని మరల పిలిచి, ఆనాడు తాను కనికరము లేక ప్రవర్తించినందుకు క్షమాపణ చెప్పింది. నిజము అడుగుటయు, కనికరించుటయు రెండూ కావాలి. ఒకటి విడిచి ఒకటి పట్టుకుంటే స్నేహము కుంటుతుంది.

అమ్మా, మీ ప్రశ్నకు మా జవాబు ఇది. ఆ పుస్తకము అన్నగారికి ఇప్పుడు ఇవ్వవద్దు. ఆయన ఒకనాడు దానిని చదివి నవ్వుకొనగలడు, గాని ఆ దినము ఇంకను రాలేదు. పుస్తకమునకు బదులు మీరే వెళ్లండి. సాయంత్రము అయిదు గంటలకు వెళ్లండి, దీపాలు పెట్టేవరకు ఉండండి. బోధించవద్దు. కూరగాయలు తరుగుచు మాట్లాడండి, ఆయన చెప్పేది వినండి. చిన్నవి చెప్పుటకు మొదలుపెట్టినప్పుడు దేవునికి స్తోత్రము చెల్లించండి.

మేము పైన రాసిన సహోదరుని సంగతి ఏమైనదని మీరు అడుగవచ్చును. గుడికి రాని ఆయన దగ్గరకు సంఘపెద్ద ఒకాయన వెళ్లాడు. సైకిలు రిపేరు దుకాణము నడుపుకొనే ఆ పెద్దాయన ఏ బోధ చేయలేదు. "సాయంత్రాలు వచ్చి కాస్త పంక్చర్లు వేయడంలో సాయము పట్టు తమ్ముడూ" అని మాత్రమే అడిగాడు. మధ్యలో ఒకసారి మరల పడ్డాడు. మరుసటి సాయంత్రము పెద్దాయన మరల పిలువనంపాడు. ఇప్పుడు ఆయన ఆదివారము వెనుక వరుసలో కూర్చుంటాడు. సాక్ష్యము చెప్పమని ఎవరూ అడగడంలేదు.

పోయిన క్రిస్మసుకు ఆయన భార్య కమ్మలు పెట్టుకొని వచ్చింది.

ప్రభువు మనలను నిజము పలికేవారినిగాను, కట్లు విప్పేవారినిగాను చేయునుగాక. ఆమేన్.